బెర్నార్డ్‌కి టాక్సీ దొరకలేదు

ఆ రోజు రాండల్ గార్‌సైడ్ చేయాల్సిన పనులు ఇవి. ఎనిమిదింటికి మేకప్. పదింటికి పబ్బులో గుండెపోటు. పదిన్నరకు చావు. పదకొండింటికి వీడ్కోలు కేకు కోసి, అందరి ముందూ కళ్ళు తుడుచుకోవడం. కాగితం మీద లేని పని ఇంకొకటుంది. అతనికి ముఖ్యమైనది అదే: చావకుండా ఉండటం.

మాంచెస్టర్‌లో తీసే ఒక టీవీ సీరియల్లో అతను ఇరవై ఆరేళ్ళుగా మాంసం కొట్టు బెర్నార్డ్. వేరే వేషం ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వలేదని అతను ఒప్పుకోడు, తానే కాదన్నానంటాడు.

"బెర్నార్డ్‌ని టాక్సీ ఎక్కించి పంపొచ్చుగా అమ్మాయ్," అన్నాడు దర్శకురాలు కర్స్టీతో. "స్పెయిన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళాడంటే సరిపోయేది."

"టాక్సీ ఎక్కినవాళ్ళందరూ రెండేళ్ళకి పెట్టెలతో మళ్ళీ సీరియల్లోకి దిగుతున్నారు రాండల్ గారూ. అందుకే మీకు శవపేటిక చెప్పారు."

రాండల్ నవ్వాడు. ప్రాణం పోయినట్టు జనం కళ్ళారా చూడకపోతే, ఎవరినైనా ఆసుపత్రి నుంచి వెనక్కి తేవచ్చు. అతని ఆశంతా ఆ సందులోనే ఉంది.

పబ్బు సెట్టులో మూల బల్ల దగ్గర సగం గ్లాసు బీరుతో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. వెనక కూర్చునేవాళ్ళు శబ్దం రాకుండా పెదాలు మాత్రం కదపాలి. ఒక్క మాట పలికితే నటుల కింద లెక్క, ఎపిసోడ్ చివర పేరు వేయాలి. కనుక ఎవరూ పలకనివ్వరు.

"ఆ మూల ముసలమ్మని అక్కణ్ణుంచి తీసెయ్యండి," అన్నాడు రాండల్. "నేను పోతుంటే వెనకాల ఆ మొహం కనబడితే ఏడ్చేవాళ్ళు కూడా నవ్వుతారు."

"ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడే కూర్చుంటున్నా గార్‌సైడ్ గారూ," అందావిడ నెమ్మదిగా. "మీ మొదటి రోజున కూడా ఉన్నాను."

"ఆ కుర్చీ కూడా ఉంది. దాని పేరూ నాకు తెలీదు."

కర్స్టీ ఆవిణ్ణి కౌంటరు పక్కకి మార్చింది, కెమెరాకి వీపు పెట్టి.

మొదటిసారి రాండల్ గుండె పట్టుకుని కౌంటరు ముందే పడ్డాడు. పడ్డాక కళ్ళు సగం తెరిచి ఉంచాడు. ఛాతీ ఎగిరింది. చూపుడు వేలు రెండుసార్లు కదిలింది.

"కట్. చచ్చిపోయారు, కదలకండి."

"చావు కూడా మెల్లగా వస్తుందమ్మాయ్. నీకు అనుభవం లేదు."

రెండోసారి కాలు కూడా ఆడించాడు. కర్స్టీ గడియారం చూసింది. ఇంకో పది నిమిషాల్లో సెట్టు వేరే బృందానికి అప్పగించాలి.

"ఇదే ఆఖరు. ఏది వస్తే అదే వెళ్తుంది," అంది.

రాండల్‌కి కావాల్సింది కూడా అదే. మూడోసారి పడ్డాడు, వేలు కదిపాడు. ఛాతీ ఎగరేస్తూ, వచ్చే ఏడు ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచే ఘట్టం ఊహించుకున్నాడు.

అప్పుడు కుర్చీ కిర్రుమంది. ముసలావిడ లేచి వచ్చి అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆడుతున్న వేలిని మడిచి ఛాతీ మీద పెట్టింది. కనురెప్పలు రెండూ బొటనవేలితో కిందికి లాగింది. అతను లేవబోయాడు. ఆవిడ అరచెయ్యి గుండె మీద ఆనింది. చూసేవాళ్ళకది ఓదార్పు, కింద ఉన్నవాడికి బండరాయి. కౌంటరు మీది తువ్వాలు తీసి అతని మొహం మీద కప్పి, పబ్బు వైపు తిరిగింది.

"పోయాడు," అంది. "ఎవరైనా అతని గ్లాసు తీసెయ్యండి."

"కట్," అంది కర్స్టీ. "బాగుంది. ఇదే ఉంచుతున్నాం."

రాండల్ తువ్వాలు విసిరికొట్టాడు. "స్క్రిప్టులో ఆవిడకి మాటల్లేవు. ఎవరావిడ? పేరు చెప్పండి, ఈరోజే నటుల యూనియన్‌కి ఫిర్యాదు రాస్తాను."

"మాట్లాడేసింది కదా రాండల్ గారూ. శుక్రవారం ఎపిసోడ్ చివర్లో పేరు పడుతుంది, చూసి రాసుకోండి."

శుక్రవారం పేర్లు పడ్డాయి. మొదటి పేరు గార్‌సైడ్‌ది, దాన్ని మీరు మరిచిపోయినా ఫరవాలేదు. అట్టడుగున, చిన్న అక్షరాల్లో, మ్యూరియల్ హోల్డెన్ అని ఉంది. బెర్నార్డ్‌ని చంపింది ఆవిడే. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.