గుట్ట మీది గుట్టు

మూడోసారి పడ్డాక దేవీప్రసాద్ వెంటనే లేవలేదు.

ఎర్రమట్టిలో వెల్లకిలా పడుకుని, హెల్మెట్ అద్దంలోంచి ఆకాశం చూస్తూ ఉండిపోయాడు. డర్ట్ బైక్ పక్కకి ఒరిగిపోయి ఉంది. గుట్ట మీంచి ఇద్దరు స్నేహితులు పగలబడి నవ్వుతున్నారు.

"బావా, దెబ్బ తగిలిందేటి?" కన్నబాబు అరిచాడు.

"లేదు."

"మరి లెగవేటి?"

"ఆలోచిస్తన్నాను."

నలభై ఆరేళ్ళొచ్చాక తనకిదంతా ఎందుకా అని ఆలోచిస్తున్నాడు.

కన్నబాబు, అయ్యప్ప, దేవీప్రసాద్ అనకాపల్లి హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. కన్నబాబుకి కూల్‌డ్రింకుల ఏజెన్సీ ఉంది. అయ్యప్ప కాలేజీలో లెక్చరర్. ఇద్దరికీ ఈ మధ్య డర్ట్ బైకుల పిచ్చి పట్టింది. ఆదివారం వస్తే చాలు, రోడ్డు లేని చోటు వెతుక్కుని మరీ పోతారు. దేవీప్రసాద్‌ని కూడా రమ్మని ఏడాదిగా పోరు పెడుతున్నారు. అతనూ ఏడాదిగా తప్పించుకుంటున్నాడు.

ఎందుకో వాళ్ళిద్దరికే తెలుసు. డిగ్రీ రోజుల్లో దేవీప్రసాద్ బైక్ మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత ఎలాగో తంటాలుపడి ఒకటి రెండుసార్లు ఎక్కాడు గానీ, ఇరవై ఏళ్ళుగా అసలు ముట్టుకోలేదు. కారు నడుపుతాడు. బస్సయినా నడపగలడు. బైక్ సీటు మీద కూర్చుంటే మాత్రం అరచేతులకి చెమటలు పట్టేస్తాయి. ఈ సంగతి భార్యకి కూడా చెప్పలేదు. కారు తప్ప ఎక్కకపోవడం హోదా అనుకుంటుంది ఆవిడ.

"ఇన్నేళ్ళ నుంచి చూత్తన్నావు కదరా, ఒక్కసారి ఎక్కలేవా?" అని అయ్యప్ప దెప్పేవాడు.

"చూడ్డం వేరు, నడపడం వేరు."

చివరికి రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు. తెలిసినవాళ్ళెవరూ తారసపడని చోటై ఉండాలి. ఫొటోలు తియ్యకూడదు. అలా మాకవరపాలెం దాటాక, జీడితోటల వెనక, గ్రావెల్ తవ్వి వదిలేసిన ఈ గుట్ట దొరికింది.

"కాసేపు అలుపు తీర్చుకో బావా. ఓ రౌండేసి వత్తాం" అని ఇద్దరూ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయారు.

దేవీప్రసాద్ లేచి, బండిని నిలబెట్టి, పక్కనున్న రాయి మీద కూలబడ్డాడు. అప్పుడే గుట్ట మీంచి పాత మోపెడ్ ఒకటి దిగి వచ్చింది. దానికి అటు రెండు, ఇటు రెండు పాలక్యాన్లు. చీరకొంగు నడుముకి బిగించిన ఒకావిడ అతని ముందు బండి ఆపింది.

"ఏటి బాబూ, బండి తన్నేసిందా?"

ఒళ్ళు మండింది గానీ, ఆవిడ మంచినీళ్ళ సీసా చాపేసరికి హెల్మెట్ తీశాడు. సీసాడు నీళ్ళూ తాగేశాడు. ఆవిడ అతని మొహంలోకి పరకాయించి చూసింది.

"బయమేత్తందా?"

భార్యకి చెప్పుకోలేని మాటకి, ఈ ముక్కూమొహం తెలియని మనిషి ముందు తలూపాడు.

"బయం కాదు బాబూ, సూపు. మీరు రాయి వంక సూత్తన్నారు. రాయి వంక సూత్తే బండి రాయి మీదకే పోద్ది. ఎక్కడికెల్లాలో అక్కడికి సూడండి. గుంటలొత్తే కూకోకండి, లెగిసి నిలబడండి. నాను అలాగే ఎల్తాను. సుక్క పాలు ఒలకవు."

చెప్పి ఊరుకోలేదు. క్యాన్లతో సహా గుట్ట ఎక్కి, తిరిగి దిగి చూపించింది. పన్నెండేళ్ళుగా రెండు పూటలా పాలకేంద్రానికి అదే దారిట. పేరు నూకరత్నం.

దేవీప్రసాద్ బండెక్కాడు. చూపు మళ్ళీ రాయి మీదకే పోయింది.

"రాయి వంక సూడకండి!"

గుట్ట కొసన ఉన్న జీడిచెట్టు వంక చూశాడు. గుంట వచ్చింది. లేచి నిలబడ్డాడు. బండి ఒక్కసారి ఎగిరింది, జారింది, మళ్ళీ దారికొచ్చింది. ఎలా ఎక్కాడో తెలియదు గానీ, చూసేసరికి చెట్టు కింద ఉన్నాడు. కింద నూకరత్నం చప్పట్లు కొడుతోంది. దేవీప్రసాద్‌కి హెల్మెట్ లోపల కన్నీళ్ళు ఆగలేదు.

స్నేహితులు తిరిగొచ్చేసరికి అతను నాలుగోసారి గుట్ట ఎక్కుతున్నాడు.

"నీకేం ఇచ్చుకోను నూకరత్నం?" కిందికి దిగి, హెల్మెట్ తీసి అడిగాడు.

"పాటం సెప్పినోల్లకి దండం పెడతారు బాబూ, ఇంకేటిత్తారు?" అని నవ్వేసింది.

దేవీప్రసాద్ నవ్వలేదు. రెండు చేతులూ ఎత్తి నిజంగానే దండం పెట్టాడు.

"ఈ మేలు చచ్చినా మర్చిపోను."

"అయ్యో, ఊరుకోండి" అని సిగ్గుపడి, ఆవిడ మోపెడ్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో టీ తాగుతుంటే అయ్యప్ప అడిగాడు.

"అయితే రేపట్నుంచి ఆఫీసుకి బైక్ మీదేనా?"

"ముందు మీరిద్దరూ నోళ్ళు కుట్టేసుకోండి. నేను పడ్డ సంగతీ, పాలావిడ నేర్పిన సంగతీ ఎక్కడా పొక్కకూడదు. నా పరువేం కాను?"

"మేమెందుకు చెప్తాం బావా?" కన్నబాబు ఒట్టేశాడు.

సోమవారం పొద్దున్న లైసెన్సు పరీక్ష మైదానంలో, ఒక్కసారైనా కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పేసి వచ్చి, అందరూ వింటుండగా "ఏటి బాబూ, బండి నడపడం వచ్చేసినట్టేనా?" అని ఆప్యాయంగా పలకరించిన నూకరత్నం కాగితం మీద, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దేవీప్రసాద్ "బండి నడపడం రాదు" అని రాసి సంతకం పెట్టాడు.