రిజిస్టర్‌లో లేని పదకొండోవాడు

“ఆ మనిషి పేరు చెప్పు మైసయ్యా.”

“తెల్వది సార్.”

“పేరు తెల్వనోన్ని ఆటలకు ఎట్ల దింపినవ్?”

మైసయ్య తల వంచుకున్నాడు. అతను సూర్యాపేట ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్. వారమంతా మార్కెట్‌లో ధాన్యం కాంటా వేస్తాడు, ఆదివారం కోసం బతుకుతాడు. ఇరవైతొమ్మిదేళ్లు దాటాయి. ఇంకో సీజను, మహా అయితే రెండు ఆడగలనని అతనికీ తెలుసు.

అడుగుతున్నది అచ్చయ్య సారు. మిర్యాలగూడలో డ్రిల్లు మాష్టరు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ జట్లు కలిసి పెట్టుకున్న లీగ్‌కు కార్యదర్శి కూడా. అది 1949 వేసవి. బడికి సెలవులు. ఖాళీ తరగతి గదిలోనే విచారణ పెట్టాడు. పొద్దున్నుంచి ఆయన ఏమీ తిన్నట్టు లేదు. ఇలాంటి తగాదాలు తీర్చీ తీర్చీ విసిగిపోయిన మనిషిలా గొంతు ఎత్తకుండా, ముఖంలోకి చూడకుండా అడుగుతున్నాడు.

బల్లకు అటువైపు కోదాడ కెప్టెన్ గోపయ్య కూర్చున్నాడు. ఫిర్యాదు అతనిదే. కిటికీ పక్క కుర్చీలో పోలీసు అమీను. వారం కిందటే ఈ తాలూకాకు బదిలీ అయి వచ్చాడు. ఈ విచారణకు ఎవరూ పిలవలేదు. తనే వచ్చి కూర్చున్నాడు.

“మొన్న ఆదివారం సూర్యాపేటలో రెండు గోల్స్‌తో ఓడిపోయామండీ,” అన్నాడు గోపయ్య. “ఆ రెండూ కొట్టింది అతనే. రిజిస్టర్‌లో వాళ్ల జట్టు పేర్లన్నీ చూశాను. అతను లేడు. రూలంటూ ఉందా లేదా?”

“ఉన్నది. నువ్వు చెప్పు మైసయ్యా.”

“మా పెద్దులుకు చలిజ్వరమొచ్చింది సార్. పది మందిమే మిగిలినం. జనంలకెల్లి ఒకాయన ముందటికొచ్చి, నేనాడుత అన్నడు. సరేనన్న.”

“ఆట మొత్తం ఆడిండా?”

“ఆఖరిదాంక ఆడిండు.”

“దెబ్బలేమన్న తాకినయా?”

“మోకాలు గీసుకపోయింది సార్. గంతే.”

“తన కాళ్ల మీదనే పోయిండా?”

“ఉరుక్కుంటనే పోయిండు.”

అచ్చయ్య ప్రతి జవాబునూ నిదానంగా రాసుకున్నాడు.

“అవన్నీ ఎందుకండీ ఇప్పుడు?” అన్నాడు గోపయ్య.

“విచారణ అంటె అన్ని అడగాలె.”

అమీను కుర్చీ ముందుకు జరిపాడు. “మీ ఆట సంగతి నాకెందుకు? ఆ మనిషి కమ్యూనిస్టు దళంల నుంచి వచ్చిండని నాకు ఖబరుంది. పేరు, ఊరు కావాలె. ఇతను గీడ చెప్తే మంచిదే. లేకుంటే ఠాణాల చెప్తడు.”

గోపయ్య ముఖం పాలిపోయింది.

“నేను రాసింది ఆట గురించండీ,” అన్నాడు తడబడుతూ. “ఇంత దూరం వస్తుందనుకోలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను.”

“కుదరదు,” అన్నాడు అచ్చయ్య. “రాసిచ్చినంక తీర్పు చెప్పాల్సిందే.”

మైసయ్య తలెత్తి ఆయన వైపు చూశాడు.

అచ్చయ్య లీగ్ నియమాల కాయితం తీసి చదివాడు. “రిజిస్టర్ కానోన్ని ఆడిస్తె ఆ ఆట ఓడినట్టె. శిక్ష కెప్టెన్‌కు. ఆ మనిషి ఎవరో చెప్తే ఒక్క ఏడాది ఆడొద్దు. చెప్పకుంటే మూడేండ్లు.” కాయితం కింద పెట్టాడు. “మూడేండ్లంటె ఇగ నీ ఆట ఖతమే. సోంచాయించుకో. ఆఖరుసారి అడుగుతున్న. ఆయన ఎవరు?”

ఆయన కలం సిరాలో ముంచాడు.

మైసయ్య చాలాసేపు తన పాదాల వైపు చూసుకున్నాడు. పదమూడేళ్లుగా సూర్యాపేట మైదానాన్ని తొక్కిన పాదాలు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తెల్వది సార్.”

“అయితే మూడేండ్లు.”

అచ్చయ్య తీర్పు రాసి, సంతకం పెట్టి, ఒక నకలు అమీను చేతికిచ్చాడు. “సూడుండ్రి. ఈయన పానమంత ఆట మీదనే. పేరు తెలిస్తే చెప్పి, రెండేండ్లు కాపాడుకునేటోడే. బజార్ల పోయేటోన్ని ఆడించిండు, అంతే. ఇతన్ని ఠాణాకు తీస్కపోయి ఏం రాబడ్తరు?”

అమీను ఆ కాయితం రెండుసార్లు చదివాడు. మైసయ్య చెంపల మీది తడిని పరీక్షగా చూశాడు. అది నటన కాదు. కాయితం మడిచి జేబులో పెట్టుకుని, టోపీ తీసుకుని బయటికి నడిచాడు.

గోపయ్య గడప దగ్గర ఆగాడు. “మైసయ్యా, ఇట్టా అవుతుందనుకోలేదయ్యా.”

“నీ తప్పేముందన్నా. రూలు రూలే.”

గోపయ్య కూడా వెళ్లిపోయాడు. అచ్చయ్య కిటికీ దగ్గర నిలబడి, అమీను వీధి మలుపు తిరిగేదాకా చూశాడు. తలుపు దగ్గరగా వేశాడు. కుండలోంచి నీళ్లు ముంచి మైసయ్యకిచ్చి, పిల్లల బల్ల మీద అతని పక్కనే కూలబడ్డాడు. ఇంతసేపూ నిటారుగా ఉన్న వీపు ఒక్కసారిగా వంగిపోయింది.

“నా కొడుకు బాగ చిక్కిపోయిండా, మైసయ్యా?”