తాత మీద సాక్ష్యం

"అన్నా, మీ తాత దొంగ కాదు," అన్నాడు మెకానిక్, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

మనవడు అతని మీదికి ఒక అడుగు వేశాడు. "నోరు జాగ్రత్త. మా వంశం గురించి మాట్లాడుతున్నావు."

ఆ వీధిలో ఆ ఇంటిని దొంగగారి ఇల్లు అనే అంటారు. 'గారు' ఊరికే రాలేదు. పెద్ద పోలీసు అధికారి కోసం తెప్పించిన కొత్త మోటార్ సైకిల్‌ను తాత స్టేషన్ ముందు నుంచే ఎత్తుకొచ్చాడు. డుగడుగమనిపించుకుంటూ పోలీసుల మధ్యలోంచి దూసుకొచ్చాడని ఇంట్లో పిల్లలకు అన్నంతోపాటు చెబుతారు. తర్వాత దాన్ని పెరటి కొట్టులో దాచి, ఇంజన్ మీద నంబరు ఆకురాయితో అరగదీసి, దొరక్కుండానే పోయాడు.

ఇప్పుడు పోలీసు మ్యూజియం వాళ్లకు ఆ బండి కావాలి. అదేనని తేలితే అద్దాల గదిలో పెట్టి, పక్కన తాత ఫోటో తగిలిస్తారు. తేలకపోతే ఎదురింటివాళ్లు నవ్వుతారు. ఎదురింటి తాత ఉత్త కోళ్ల దొంగ.

అందుకే మనవడు బండిని బయటికి లాగించి మెకానిక్‌ను పిలిచాడు. సీటు ఎలుకలు తినేశాయి. టైర్లు ముట్టుకుంటే పొడి రాలింది. రేకంతా తుప్పు. ఇంజన్ విప్పాక మాత్రం మెకానిక్ ప్లగ్గు తీసి వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. తాత దొంగ కాదన్న మాట అప్పుడే అన్నాడు.

"చూడన్నా. ప్లగ్గుకి మసి లేదు. సిలిండర్ గోడకి కంపెనీవాడు పెట్టిన గీతలు అలాగే ఉన్నాయి. వాడు పూసిన గ్రీజు కూడా చెరగలేదు. ఈ ఇంజన్ పుట్టాక ఒక్కసారీ తిరగలేదు. తిరగని బండి మీద ఎవడైనా పారిపోతాడా?"

"మరి ఇంటికెలా వచ్చింది?"

"కొనుక్కుని ఉంటాడు."

"కొనుక్కోవడమా!" మనవడు వీధివైపు చూసి గొంతు తగ్గించాడు. "మా ఇంటా వంటా లేదు. ఆదివారం మ్యూజియం ఆయన వస్తాడు. ఆలోపు దీన్ని అరగ్గొట్టెయ్. వెనకాల పోలీసులు తరిమినట్టు అరగాలి."

"బంగారంలాంటి ఇంజనన్నా. నాకు పాపం తగులుతుంది."

"మా తాత నిజాయితీపరుడని పేరు పడితే, ఆ పాపం ఎవరికి తగులుతుందిరా?"

మెకానిక్ ఏడవలేక పని మొదలుపెట్టాడు. పొద్దున స్టార్ట్ చేసిన ఇంజన్‌ను చీకటి పడేదాకా ఆపలేదు. గాలి పీల్చే గొట్టంలో గుప్పెళ్లతో మట్టి పోశారు. ఎక్కడెక్కడి నల్లటి పాత ఆయిలూ తెచ్చి పట్టించారు. వీధిలో కిటికీలన్నీ మూసుకున్నాయి. ఇంజన్ మొదట మెత్తగా పలికింది, తర్వాత దగ్గింది, ఆఖరికి గిన్నెలో గులకరాళ్లు పోసి ఊపినట్టు మోగింది.

"ఇప్పుడు దొంగబండిలా ఉంది," అన్నాడు మనవడు తృప్తిగా.

చెవులు మూసుకుని నాయనమ్మ గుమ్మంలోకి వచ్చింది. "దాన్నెందుకు తిప్పుతున్నార్రా? మీ తాత..."

"తాత పరువు కోసమే నాయనమ్మా. నువ్వు లోపలికెళ్లు, పొగ."

ఆదివారం మ్యూజియం పెద్దాయన వచ్చాడు. టార్చిలైటు వేసి సిలిండర్ లోపలికి చూశాడు. ప్లగ్గు తీసిన రంధ్రం మీద బొటనవేలు పెట్టి కిక్కు కొట్టమన్నాడు. లోపలంతా అరిగిపోయి, ఎంత కొట్టినా గాలి ఆ వేలిని నెట్టలేకపోయింది. ఆయిల్ వేళ్ల మధ్య రుద్దితే ఇనుపరజను మెరిసింది.

"తిరిగింది," అన్నాడు. "అన్యాయంగా తిరిగింది."

మనవడు ఎదురింటి వైపు చూసి మీసం మెలేశాడు.

పెద్దాయన టార్చి సంచిలో వేసుకున్నాడు. "కాబట్టి మేం వెతికే బండి ఇది కాదు. మీ తాతగారు నిర్దోషి."

ఎదురింటి మెట్ల మీద ఎవరో ఈల వేశారు. మనవడు పెద్దాయన సంచి పట్టుకున్నాడు. "అదేంటండీ! తిరిగిందని మీరే అన్నారుగా!"

"అందుకే బాబూ. మా బండి వచ్చిన రోజే పోయింది. పెట్టెలోంచి దించారంతే, పెట్రోలు చుక్క కూడా పోయలేదు. దొంగ దాన్ని స్టార్ట్ చేస్తాడని పోలీసులు ప్రతి రోడ్డు మీదా చెవులు రిక్కించి నిలబడ్డారు. ఎక్కడా చప్పుడే లేదు. ఒక్కసారీ తిరగని ఇంజన్ ఎవరింట్లో దొరికితే, వాళ్ల తాతే మా దొంగ."

మెకానిక్ తల వంచుకుని నేల చూశాడు.

"చప్పుడెలా వస్తుందయ్యా," అంది గుమ్మంలోంచి నాయనమ్మ, "మా ఆయన్ని దాని మీద జబ్బుమనిషిలా కూర్చోబెట్టి, ఆయనకీ బండికీ కలిపి దుప్పటి కప్పి, నేను తోసుకొస్తుంటే? మిట్ట దగ్గర మీ పోలీసులే జాలిపడి తలో చెయ్యీ వేశారు!"