పక్క బల్ల

బల్ల మీద పేర్చుకున్న చీట్లన్నిటినీ చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ కలిపేసింది పెద్దక్క.

అంబులెన్సు ఫోన్ కేంద్రంలో శిక్షణకి చేరినవాళ్ళందరిలోకీ వయసులో పెద్దది కావడంతో మొదటి రోజే ఆవిడకి ఆ పేరు ఖాయమైపోయింది. ఈ రోజు పరీక్ష అన్నారు. తీరా వచ్చి చూస్తే ప్రశ్నలూ లేవు, జవాబులూ లేవు. మనిషికో చీట్ల కట్ట ఇచ్చారు. ఒక్కో చీటీ మీద ఒక్కో బాధ రాసుంది. ఛాతీ నొప్పి, చెమటలు, కళ్ళు తిరగడం, కడుపులో మంట, ఇలాంటివి.

"దేని పక్కన ఏది ఉండాలనిపిస్తే అది పెట్టండి," అంది శిక్షణ ఇచ్చే మేడం. "ఇందులో తప్పూ ఒప్పూ ఉండవు. మీకు తెలిసింది మీ బుర్రలో ఎలా సర్దుకుని ఉందో చూస్తాం, అంతే. అనుభవమున్న డాక్టర్లు పేర్చినదానికి ఎంత దగ్గరగా ఉంటే, రేపు ఫోన్ దగ్గర అంత బాగా పనిచేస్తారని మా అంచనా."

పెద్దక్క అందరికంటే ముందే పేర్చేసింది. కడుపులో మంటని తీసుకెళ్ళి చెమటలకీ ఛాతీ నొప్పికీ మధ్యన పెట్టింది. భర్తకి గుండెపోటు వచ్చిన రోజు ఆయన మొదట అన్న మాట అదే. కడుపులో మంటగా ఉందే, కాసిని మంచినీళ్ళివ్వు అన్నాడు.

అప్పుడు చూసింది పక్క బల్ల వైపు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, ముక్కు మీదకి జారిన కళ్ళద్దాలు. ఎవరో పెద్దాయన, ఆ రోజే కొత్తగా వచ్చాడు. ఏ ఆసుపత్రిలోనో డాక్టరుగా చేసి రిటైరైన మనిషిలా ఉన్నాడు. ఆయన చీట్లు గీత గీసినట్టున్నాయి. తలకి సంబంధించినవి ఒక వరస, ఛాతీవి ఒక వరస, పొట్టవి ఒక వరస. తనవి చూసుకుంటే కుప్ప పోసినట్టున్నాయి. పెద్దక్క ప్రాణం ఉసూరుమంది.

అందుకే కలిపేసింది. మొదట్నుంచీ ఆయనలాగే వరసలు కట్టింది. కడుపులో మంటని పొట్ట వరసలోకి తోసేసింది. చివరి చీటీ పెట్టేసరికి చెవులు వేడెక్కాయి. మేడం వచ్చి ఫోటో తీసుకునేదాకా తల ఎత్తలేదు. పక్కకి చూసే మొహం లేక, బయటికి వెళ్ళేటప్పుడు కూడా చుట్టు తిరిగి వెళ్ళింది.

ఇంటికొచ్చాక కూతురు అడిగింది. "పరీక్ష ఎలా రాశావమ్మా?"

"రాసేది కాదే. చీట్లు పేర్చడం."

"పక్కవాళ్ళవి చూసి పేర్చలేదు కదా?"

కూతురు నవ్వుతూనే అంది. చిన్నప్పుడు పక్కపిల్ల లెక్కలు చూసి దింపినందుకు తల్లి చేత తిన్న చీవాట్లు దానికింకా గుర్తే. పెద్దక్క మాత్రం సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకుంది. తప్పూ ఒప్పూ లేని పరీక్షలో కూడా తప్పు చేసిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను అనుకుంది.

తర్వాతి వారం ఫోన్‌లో సాధన చేయించారు. రోగి బంధువులా ఎవరో మాట్లాడతారు, వీళ్ళు జవాబు చెప్పాలి. "మావయ్యకి కడుపులో మంటగా ఉందండీ" అని అవతలి గొంతు అనగానే పెద్దక్క, "చెమటలు పడుతున్నాయా? ఎడమ చెయ్యి లాగుతోందంటున్నారా?" అని అడిగేసింది. ఆ సాయంత్రమే మేడం గదిలోకి పిలిచింది.

"కూర్చోండమ్మా. మీ చీట్లు చూస్తే మిమ్మల్ని ఫోన్ దగ్గరికి రానివ్వకూడదు. గోడ మీద తగిలించిన మనిషి శరీరం బొమ్మ చూసి పేర్చినట్టున్నాయి. మీ మాట వింటేనేమో మిమ్మల్నే ముందు కూర్చోబెట్టాలి. మా పరీక్షలోనే ఏదో లోపముంది. ఇక ఆపేద్దామని పైవాళ్ళకి చెప్పబోతున్నాను."

నోరు మెదపకుండా ఊరుకుంటే ఉద్యోగం వచ్చేట్టే ఉంది. అయినా పెద్దక్క ఉండబట్టలేకపోయింది.

"లోపం పరీక్షది కాదు మేడం. అవి నావి కావు. పక్క బల్ల పెద్దాయనవి చూసి పెట్టాను."

"ఎవరు, కళ్ళద్దాలాయనా?"

"ఆయనే. డాక్టరనుకున్నాను."

మేడం నవ్వబోయి, పెద్దక్క మొహం చూసి ఆగింది. "ఆయన మా నాన్న. అచ్చాపీసులో అక్షరాలు పేర్చి రిటైరయ్యాడు. వైద్యం సంగతులేవీ తెలియనివాళ్ళు ఎలా పేరుస్తారో పోల్చుకోవడానికి నేనే తీసుకొచ్చి కూర్చోబెట్టాను."

పెద్దక్కకి ఉన్నచోటే కుంగిపోతే బాగుండుననిపించింది. తెలిసింది పక్కకి నెట్టేసి, తెలియని మనిషిని చూసి దింపుకుంది.

"అయినా మీరు చెప్పేది కుదరదే," అంది మేడం, ఫోటోలు ముందుకు లాక్కుని. "నాన్నవి డాక్టర్ల వాటికి అందరికంటే దగ్గరగా వచ్చాయి. నాకు అనుమానం మొదలైందే అక్కడ. ఆయనవి చూసి పెడితే మీవీ అలాగే ఉండాలి కదా?"

"వరసలు నా కళ్ళతో చూశాను మేడం. తలవి, ఛాతీవి, పొట్టవి."

కూతురితో కలిసి ఇంటికెళ్దామని వచ్చి పెద్దాయన వరండాలోనే కూర్చుని ఉన్నాడు. మేడం లోపలికి పిలిచింది. పెద్దక్కని చూడగానే ఆయన గుమ్మంలో ఆగిపోయాడు.

"నాన్నా, ఆ రోజు చీట్లు మొదట ఎలా పెట్టావు?"

ఆయన కూతురి బల్ల మీద పెన్నులు సర్దడం మొదలుపెట్టాడు.

"నన్నెందుకు కూర్చోబెట్టావో నువ్వు చెప్పలేదు కదమ్మా," అన్నాడు చివరికి. "అంతమందిలో నీ తండ్రికి ఏమీ రాదని తేలితే నీకు నామర్దా అనుకున్నాను."

"అయితే?"

ఆయన పెద్దక్క వైపు చూడలేక తల దించుకున్నాడు.

"నావి తీసేసి, ఈవిడ కలిపేయకముందు ఎలా పేర్చారో చూసి అలాగే పెట్టాను."