ఊపిరి బిగబట్టు

“గ్యాసే పెద్దమ్మా. గోలీలు రాసిచ్చిన. ఇంటికి తీస్కపో.”

డ్యూటీ డాక్టరు అఖిలేష్ మళ్లీ అదే మాట అన్నాడు. బసమ్మ కదల్లేదు. ఆమె చంకలో పసిగుడ్డు, ఎదురుగా మంచం మీద స్వప్న. మొగుడంపల్లిలో బసమ్మ ఇంట్లోనే పురుడు. ఇంకా రెండు వారాలు కాలేదు. పొద్దున బిడ్డకు పాలిస్తూ స్వప్న ఒక్కసారిగా ఛాతీ పట్టుకుంది. అప్పటినుంచి ఒక్క మాట పూర్తిగా అనలేకపోతోంది.

“గ్యాసైతే గింత దమ్మెందుకొస్తది సారూ? జర ఊపిరితిత్తుల ఫొటో తీపియ్యి.”

“ఎక్స్‌రే తీసినం కదా. సాఫ్‌గ ఉంది.”

“గది కాదు. రంగు మందు ఎక్కించి తీస్తరు చూడు, సీటీ. గది.”

అఖిలేష్ నవ్వాడు. “ఏం చదివినవ్ పెద్దమ్మా? ఎంబీబీఎస్సా, ఎండీనా?”

పక్క మంచం వాళ్లూ నవ్వారు. బసమ్మకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు అడుగుతున్నదో ఒక్క మాటలో చెప్పేయొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. స్వప్న తనవైపే చూస్తోంది. మింగేసింది.

“అమ్మకు... ఫికర్... జాస్తి సార్,” అంది స్వప్న, రొప్పుతూనే.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీ నుంచి స్వప్న భర్త మాణిక్ ఫోన్ చేసి సంగతంతా విన్నాడు. “అత్తమ్మా, వాళ్లు ఏమన్నా అననీ. ఫొటో తీయకుంట నువ్వు కదలకు. నేనొస్తున్న.”

బసమ్మ పోయి డాక్టరు గది గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

“లే పెద్దమ్మా, బయట పేషంట్లున్నరు.”

“లోపలున్నది గూడ పేషంటే.”

“ఊకె ఖర్చు. రేపు అందులో ఏం రాకుంటె నన్ను తిడతవు.”

“ఏం రాకుంటె నీ కాళ్లు మొక్కుత. రాయి.”

విసుగ్గా రాశాడు. రాస్తే అయిందా? కిడ్నీలు రంగు మందును తట్టుకుంటాయో లేదో చూడ్డానికి ముందు రక్త పరీక్ష అన్నారు. ఆ రిపోర్టు వచ్చేసరికి స్కాన్ గదికి తాళం. స్కాన్ తీసే తౌసీఫ్ తిండికి పోయాడట. బసమ్మ అరిచిన అరుపులకు అతను చేయి కడుక్కోకుండానే వచ్చాడు.

“చేతులు తలపైకి పెట్టుకో చెల్లె. మందు పోతుంటె ఒళ్లంత వేడైతది, భయపడకు. నేను చెప్పంగనె ఊపిరి బిగబట్టు.”

“దమ్మందక వస్తె దమ్ము బిగబట్టమంటవేందయ్యా?”

“జరసేపే అమ్మా. కదిలితె ఫొటో ఖరాబైతది.”

తలుపు మూసుకుంది. బయట బసమ్మ కూడా ఊపిరి బిగబట్టింది. ఆ సంగతి, పసిది ఏడ్చేదాకా ఆమెకే తెలియలేదు.

ఈసారి అఖిలేష్ నడిచి రాలేదు, పరుగెత్తుకొచ్చాడు. ముఖంలో నవ్వు లేదు. తెర మీద మందు పారిన నాళాలన్నీ తెల్లగా ఉన్నాయి. వాటిలో పెద్దదాంట్లో అడ్డంగా ఓ నల్లటి ముద్ద.

“రక్తం గడ్డ. కాలి నరంలో కట్టి, పైకొచ్చి ఊపిరితిత్తిలో పడ్డది. ఇంటికి పంపిస్తె...”

గడ్డ పెరగకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూతికి ఆక్సిజన్ తగిలించారు. మాణిక్ వచ్చీ రాగానే మందుల దుకాణానికి ఉరికాడు. పొద్దు వాలేసరికి స్వప్న ఎగశ్వాస కొంచెం నెమ్మదించింది.

అఖిలేష్ మంచం దగ్గరికొచ్చి తల దించుకున్నాడు.

“నేనైతె పంపించేసేటోన్ని చెల్లె. ఎంతైనా కన్నతల్లి గదా, ఆమెకు ముందే తెలిసింది.”

బసమ్మ పసిదాని మూతి తుడుస్తూ అటు తిరిగిపోయింది.

స్వప్న మాస్కు కిందికి లాగి, మెల్లగా అంది: “ఈమె నన్ను కన్నతల్లి కాదు సార్, నాకంటె ముందు మా ఆయనను పెండ్లి చేస్కొని, గిట్లనే బాలింతగ ఊపిరందక పోయిన అక్కను కన్నతల్లి.”