ఆరుగొంతుల ఓటు

"మిషన్ పెట్టించండి సార్. ముందు మా క్లాసులోనే పెట్టించండి."

ఆ మాట అన్నది ఆరుగొంతులు కావడంతో ప్రిన్సిపాల్ తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. తన హాజరుతో పాటు ఐదుగురు స్నేహితుల హాజరు కూడా వాళ్ల వాళ్ల గొంతులతో పలికి, వాళ్లను హాయిగా క్యాంటీన్‌లో కూర్చోబెట్టే ఘనుడని అతనికి ఆ పేరు. మొహం చూసి హాజరు వేసే మిషన్‌ని మిగతా క్లాసులన్నీ ససేమిరా వద్దన్నాయి. ఒక క్లాసువాళ్లయితే దాని కంటికి చూయింగ్ గమ్ అంటించారు.

"ఇందులో ఏదో తిరకాసుంది" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఏం లేదు సార్. మేడమ్‌ని తీసేస్తామన్నారు కదా, అందుకే."

కిటికీ పక్కన కొత్త మేడమ్ తల వంచుకుని నిలబడి ఉంది. ఆవిడ పాఠం మొదలుపెడితే వెనక బెంచీ కూడా ముందుకు జరిగి వినేది. కానీ హాజరుకే సగం పీరియడ్ పోతోంది, సిలబస్ ఎక్కడి గొంగళి అక్కడే. క్లాసును అదుపు చేయడం రాదని, నెలాఖరుకి ఆవిడను పంపించేయాలని ప్రిన్సిపాల్ నిర్ణయించాడు.

"ఆవిడ తప్పేం లేదు సార్. అల్లరంతా మాదే. ఒక్కో పేరుకి ముగ్గురం పలుకుతాం, పిల్లికూతలు కూస్తాం. మిషన్ ముందు మా ఆటలు సాగవు."

మేడమ్ ఏదో చెప్పబోయింది.

"మీరుండండి మేడమ్!" అన్నాడు ఆరుగొంతులు.

ప్రిన్సిపాల్ గడ్డం గోక్కున్నాడు. "సరే. క్లాసంతా ఒప్పుకోవాలి. ఒక్కడు కాదన్నా పెట్టను. పరీక్షల్లోపు సిలబస్ పూర్తయితే ఆవిడ ఉంటుంది."

వరండాలో స్నేహితులు అతన్ని చుట్టుముట్టారు. వాళ్లలో నిద్రమొహం అని పేరుపడ్డవాడికి అందరికంటే ఎక్కువ మండింది.

"మా నోట్లో మట్టి కొట్టావు కదరా! ఇక రోజూ పొద్దున్నే లేవాలా?"

"లేవాలి. ఆవిడ క్లాసులో ఎప్పుడైనా నిద్రపోయావా?"

నిద్రమొహం గోడకి ఆనుకుని ఆలోచించాడు. "లేదు. నేను మేలుకుని విన్నది అదొక్కటేరా." నిట్టూర్చాడు. "పెట్టించు. మా అమ్మ నమ్మదు గానీ, లేస్తాను."

ఓటింగు రోజున అన్ని చేతులూ లేచాయి. నిద్రమొహం రెండు చేతులూ ఎత్తితే ప్రిన్సిపాలే ఒకటి దింపించాడు.

మర్నాడు ఒక్కొక్కరూ మిషన్‌కి మొహం చూపించి లోపలికి నడిచారు. చివరివాడు కూర్చునేసరికి మేడమ్ చేతిలో సుద్దముక్క ఉంది. గంట కొట్టేదాకా పాఠం ఆగలేదు. ఎప్పట్నుంచో వేలాడుతున్న అధ్యాయం ఆ పూటే ముగిసింది. పిల్లలు బెంచీలు అదరగొట్టారు.

పరీక్షలకి ముందే, అన్ని క్లాసులకంటే ముందుగా సిలబస్ పూర్తయింది. వద్దన్న క్లాసులే మాకూ మిషన్ కావాలని వచ్చాయి. ప్రిన్సిపాల్ స్వయంగా క్లాసుకొచ్చి, మేడమ్ ఉద్యోగం ఖాయమైందని ప్రకటించాడు. ఆరుగొంతులు ఆరు గొంతులతోనూ కేకలు పెట్టాడు. మేడమ్ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ సంతోషం పట్టడానికి గది చాలలేదు.

"ఇంత అల్లరి క్లాసు ఎలా లొంగిందయ్యా?" అన్నాడు ప్రిన్సిపాల్ గర్వంగా.

"మిషనంటే భయం సార్" అన్నాడు ఆరుగొంతులు వినయంగా.

నిజానికి ఆవిడ హాజరు వేసే వేళ ఆ క్లాసులో ఏనాడూ ఎవరూ కిక్కురుమనలేదు.

పేర్లు పిలిచేటప్పుడే మేడమ్‌కి నత్తి వచ్చేది.