పెదవి మీద రెండు గుంటలు

“మీ ఇంట్లో ఇంకెవరికైనా మొర్రి ఉందా?” డాక్టర్ పద్మకుమారి అడిగింది.

అప్పలసూరి నేలచూపులు చూశాడు. “ఇప్పుడైతే ఎవులికీ నేదమ్మా.”

శ్రీకాకుళంలో మొర్రి ఆపరేషన్ల శిబిరం అది. పక్కన భార్య ఝాన్సీ ఒళ్లో మూడు నెలల పాప. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. నెల క్రితం తండ్రీకూతుళ్ల రక్తం తీసి హైదరాబాద్ పంపారు. ఆ రిపోర్టు ఇప్పుడు డాక్టరు చేతిలో ఉంది.

“గ్రహణం మొర్రి అంటారు కదమ్మా, అది నిజవేనా?” అప్పలసూరి గొంతు తగ్గించాడు. “కనుమనాడు సూరీడికి గ్రహణం పట్టినాది. మా ఇంటిది ఏడో నెల కడుపుతో కత్తిపీట ముందు కూకుని సేపలు కోసేసినాది. మాయమ్మ వద్దంటానే ఉన్నాది. ఆ సేపలు తెచ్చి పడేసినాది నానే.”

ఆపరేషన్ సంగతి అతను ఇంకా అడగనే లేదు. ముందు ఈ జవాబు కావాలి.

డాక్టరు నవ్వలేదు. కాగితం మీద పిండం బొమ్మ గీసింది.

“పై పెదవి రెండో నెల నిండకముందే అతుక్కుపోతుంది. ఐఆర్‌ఎఫ్ సిక్స్ అని ఒక జీన్ ఉంది. మేస్త్రీ లాంటిది. తను ఇటుక ముట్టదు, మిగతా జీన్లలో ఏది ఎప్పుడు పనిలోకి దిగాలో చెబుతుంది. ఆ మేస్త్రీలోనే లోపముంటే అతుకు పడదు. ఏడో నెలలో ఏం కోసినా పెదవికి ఏమీ కాదు.”

“మరి ఎక్కణ్ణుంచి వచ్చినాది?”

ఆవిడ అతని కింది పెదవి వైపు వేలు చూపించింది. అక్కడ రెండు చిన్న గుంటలున్నాయి. అమ్మోరు వేలెట్టి నొక్కిన గుర్తులని తల్లి ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది.

“ఆ లోపానికి గుర్తు ఇదే. నీ దగ్గర గుంటలతో ఆగింది, బిడ్డకి మొర్రి అయింది. వచ్చింది నీ నుంచే.”

అప్పలసూరి అరచేత్తో నోరు మూసుకున్నాడు. సముద్రం మీద వలలు లాగే మనిషి, అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు.

డాక్టరు ఝాన్సీ వైపు తిరిగింది. “నీ తప్పు గోరంత లేదమ్మా. ఇక నిన్నెవరూ ఒక్క మాట అనడానికి లేదు.”

ఝాన్సీ పాప మూతి తుడిచింది. మొగుడి వైపు చూడకుండానే చెప్పింది.

“సేపలు కోసినాది నాను కాదమ్మా, నా కన్నా ముందు ఈయన సేసుకున్న అనిత, మొర్రి పిల్లని కన్నాదని ఇంట్లోంచి గెంటేస్తే, ఆ పిల్లని సంకనేసుకునే నూతిలో దూకేసినాది.”